కాన్పు గదిలోకి తోడును రానివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నార్మల్ డెలివరీలు పెంచాలని అధికారులు చెప్పడం, సిజేరియన్లు తగ్గడం లేదని పేపర్లో రావడం, ఏళ్లుగా ఇదే చదువుతున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 81.5 శాతం. దేశం మొత్తం చూస్తే 21.5 శాతమే. మన ఆడవాళ్లకే కనడం చేతకాకుండా పోయిందా? ముహూర్తాల పిచ్చి, డబ్బు యావ అని అందరూ అంటారు, అవి ఉన్నాయి, కాదనను. కానీ భయం సంగతి ఎవరూ ఎత్తరు.

నా పెద్దబిడ్డ ఇంట్లోనే పుట్టింది. చందంపేట మండలంలో మా ఊరికి అప్పట్లో చీకటి పడితే బస్సు లేదు, నొప్పులేమో రాత్రి మొదలైనయి, దేవరకొండ దాకా పోయే దారి లేక మా అత్త మంత్రసానిని పిలిపించింది. ఆమె వచ్చీ రాగానే నన్ను పండుకోనివ్వలేదు. "నడువు బిడ్డా, నడువు" అని అర్రలో అటూ ఇటూ తిప్పింది. నొప్పి వచ్చినప్పుడల్లా దూలానికి కట్టిన పాత చీరను పట్టుకుని వంగేదాన్ని, ఆమె వెనక నిలబడి ఆముదం రాసిన చేత్తో నడుము రుద్దేది. నేను అరిస్తే అరవనిచ్చింది, ఒక్క మాట అనలేదు. మధ్యలో అత్త చాయ్ తాగించింది. తెల్లవారుజామున గొంతుకూర్చుని కన్నాను. సర్కారు ట్రైనింగ్‌లో నేర్పినట్టు మరగబెట్టిన కొత్త బ్లేడుతోనే బొడ్డు కోసింది, మాయ పడేదాకా నా పక్క నుంచి కదల్లేదు.

అట్లని ఇంట్లో కాన్పే మేలు అంటే మాత్రం నేను ఒప్పుకోను. మా వాడకట్టులోనే ఒకామె ఇంట్లో సుఖంగా కన్నది, తర్వాత నెత్తురు ఆగలేదు, ట్రాక్టర్‌లో వేసుకుని పోతుంటే దారిలోనే పోయింది. దవాఖానలో అయితే బిడ్డ బయటికి రాగానే నెత్తురు ఎక్కువ పోకుండా సూది ఇస్తారు, మంత్రసాని దగ్గర అది ఎక్కడిది? యూట్యూబ్ చూసి ఇంట్లో కనేస్తాం అనేవాళ్లకు ఆ ట్రాక్టర్ సంగతే చెప్తాను.

ఇక మా బిడ్డ కాన్పు. దవాఖాన పేరు ఎందుకులెండి. నన్ను తలుపు బయటే ఆపేశారు. లోపల దాన్ని బల్ల మీద వెల్లకిలా పండబెట్టి, కదలొద్దని, అరవొద్దని కసిరి, ఎవరి పనిలో వాళ్లు పడ్డారట. పక్క బల్ల మీద ఇంకొకామె ఏడుపు. గంటల తరబడి ఒంటరిగా ఉండి ఉండి చివరికి అదే "ఆపరేషన్ చేసెయ్యండి మేడమ్" అని బతిమాలింది. లెక్కల్లో ఇది "పేషెంట్ కోరిక మీద" అని పడుతుంది కావచ్చు! టెన్షన్ పడితే నొప్పులు మందగిస్తాయని కాన్పులు చూసిన ఏ నర్సమ్మను అడిగినా చెప్తుంది. బిడ్డ అడ్డం తిరిగినా, బీపీ మీదికొచ్చినా కోయాల్సిందే, దాని గురించి నాకు పేచీ లేదు.

సర్కారు దవాఖానల్లో కాన్పు గదిలోకి ఒక ఆడతోడును రానివ్వొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. మరుసటి ఏడు కాన్పు గదులను బాగుచేయడానికి కేంద్రం తెచ్చిన లక్ష్య పథకంలోనూ ఆ మాట ఉంది, తల్లి తనకు వీలైన తీరులో కూర్చుని కనొచ్చని కూడా ఉంది. మన రాష్ట్రంలోనూ 2017లోనే నర్సులకు మిడ్‌వైఫరీ, అంటే తల్లి పక్కనుండి నార్మల్ కాన్పు చేసే పని, శిక్షణ మొదలుపెట్టారు. మరి చందంపేట, డిండి, అమ్రాబాద్ నుంచి వచ్చే ఆడపిల్లలకు ఆ మిడ్‌వైఫ్ ఎప్పుడు కనిపిస్తుంది? కాన్పు గదిలో రెండు బల్లల మధ్య ఒక పరదా కట్టడానికి, తల్లినో అత్తనో లోపలికి పంపడానికి కొత్త బిల్డింగేమీ అక్కర్లేదు. నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైద్యాధికారులు నెలనెలా ఎన్ని నార్మల్, ఎన్ని సిజేరియన్ అని అడిగేటప్పుడు, ఎంతమంది తల్లుల పక్కన తోడు ఉందో కూడా అడగాలి.

– ఒక అమ్మమ్మ, చందంపేట మండలం, నల్లగొండ జిల్లా