వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

పెద్దలకు, షుగరు ఉన్నవారికి నడక, వ్యాయామం అలవాటు చేసే మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనిలోకి వస్తాను. ఉదయపు నడక ఏడాది పొడవునా సాగింది. నడవగలిగేవారి గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు. ఈసారి చెప్పుకోవలసింది నడవలేనివారి గురించి.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నుంచి వచ్చి నల్లగొండలో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దలు మనలో ఉన్నారు. చిన్ననాటి నుంచి తాగిన నీటిలోని ఫ్లోరైడ్ వారి ఎముకల్లోనే ఉంది. మిషన్ భగీరథ నల్లా వచ్చినంత మాత్రాన బిగుసుకుపోయిన వెన్ను సడలదు. దానికి తోడు షుగరు. అలాంటివారికి ‘రోజూ అరగంట నడవండి’ అని చెప్పి పంపడం వదిలించుకోవడమే అవుతుంది. అందుకే జూలైలో కుర్చీ వ్యాయామం మొదలుపెట్టాం. కూర్చుని లేవడం, నీళ్ళ సీసాలు ఎత్తడం, కుర్చీ పట్టుకుని ఒంటికాలిపై నిలబడడం, అంతే. 65 దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు రెండు రోజులు కండరాల బలానికి, మూడు రోజులు తూలిపడకుండా నిలదొక్కుకోవడానికి సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన నడక బృందం వారు మొదటిది చేసి, మిగతా రెండింటినీ హాయిగా మరచిపోతున్నారు!

ఇక నవంబరు 14, ప్రపంచ మధుమేహ దినం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర మనం జరిపిన ‘ఎక్కాల నడక’ గురించి పట్టణంలో ఇప్పటికీ అడుగుతున్నారు. పదమూడో ఎక్కం వెనక నుంచి చెబుతూ నడవాలి. లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు 78 దగ్గర తడబడ్డారు, కాళ్ళు కూడా అక్కడే ఆగాయి. బడి ముఖం చూడని సభ్యురాలు ఒకరు ఎక్కాలకు బదులు తమ వంశంలో ఎవరిని ఏ ఊరికి ఇచ్చారో వరసగా చెబుతూ ఆగకుండా నడిచారు. కాళ్ళకు, బుర్రకు ఒకేసారి పని పెట్టడమే ఇందులో కిటుకు.

ఆ రోజు ప్రసంగించిన వైద్యులు దాచకుండా మాట్లాడారు. షుగరు ఏళ్ళ తరబడి అదుపు తప్పితే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి, మతిమరుపు ముప్పు పెరుగుతుంది. అమెరికాలో ‘లైఫ్’ అనే అధ్యయనంలో 70 నుంచి 89 ఏళ్ళ వారు 1,600 మందికి పైగా రెండేళ్ళు పాల్గొన్నారు. వ్యాయామం చేసినవారికి, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారికి జ్ఞాపకశక్తిలో మొత్తం మీద తేడా కనిపించలేదు. షుగరు ఉన్నవారిని విడిగా లెక్కగడితే మాత్రం వ్యాయామం చేసినవారు కొంత మెరుగ్గా ఉన్నారు. మొదటి సగం విని ఇంటికి వెళ్ళిపోయినవారు ‘నడిచినా లాభం లేదట’ అని ప్రచారం చేస్తున్నారు. రెండో సగం వారి కోసమే మళ్ళీ రాస్తున్నాను.

ఇన్సులిన్ తీసుకుని ఖాళీ కడుపుతో నడకకు రావద్దు. కొన్ని రకాల షుగరు మాత్రలకూ ఇదే వర్తిస్తుంది. షుగరు తరచుగా బాగా పడిపోయినా మెదడుకు మంచిది కాదు. జేబులో చక్కెర పొట్లం లేనివారిని ఇకపై వరసలో నిలబెట్టం. చెప్పులు లేకుండా వచ్చేవారినీ అంతే.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు పంచారు. ఆడిట్ పూర్తయింది, చందా బకాయిలు అలాగే ఉన్నాయి.

కుర్చీలు ఉచితంగా ఇచ్చిన ఫంక్షన్ హాలు యజమానికి, ఫీజు తీసుకోని ఫిజియోథెరపిస్టుకు, గ్లూకోమీటరు పట్టీలు తెచ్చిన మందుల దుకాణం వారికి, చక్కెర లేని చాయ్ పోసి డబ్బు వద్దన్న హోటలు వారికి, బ్యానరు రాసిన అబ్బాయికి కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువగా, కుర్చీ వ్యాయామాన్ని ఒక్క వారమూ ఆపని ముగ్గురు మహిళా సభ్యులకు. స్వచ్ఛంద సేవకుల జాబితాలో పేర్లు చాలా ఉన్నాయి. నవంబరు 14న ఫొటోలో అందరూ ఉన్నారు, మర్నాడు కుర్చీలు సర్దడానికి మాత్రం ఆ ముగ్గురే మిగిలారు. నడక దారిలో దీపాలకు అర్జీ ఇచ్చాం. వచ్చి చూసి, కొలతలు తీసుకుని వెళ్ళారు. చీకటి అలాగే ఉంది.

వచ్చే ఏడాది కుర్చీ వ్యాయామాన్ని పానగల్లులో కూడా జరపాలని కార్యవర్గం తీర్మానించింది. వంతుల పట్టిక బల్ల మీద ఉంది. భోజనానికి వెళ్ళే ముందు పేరు, వారం రాసి సంతకం చేయండి. రాసినవారు రాలేకపోతే బదులు మనిషిని పంపాలి.

కార్యదర్శి