ఆ రాత్రి డీజిల్ బిల్లు నా దగ్గరే ఉంది, మంత్రి గారూ

తీర భద్రత చూసే మంత్రి గారికి,

నమస్కారం. మూడు సోమవారాలు గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాం. మూడోసారి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని. సంతోషం. మెరైన్ పోలీసుల గస్తీ బోటు మాత్రం కట్టిన చోటే ఉంది.

మాది శ్రీకాకుళం తీరంలో ఒక పల్లె. మొన్న చలికాలంలో మా మరిది, మరో నలుగురు వేటకెళ్లారు. మధ్యాహ్నానికి రావాల్సినవాళ్లు చీకటి పడినా రాలేదు. ఇంజన్ ఆగింది, గాలికి కొట్టుకుపోతున్నాం అని ఒక్క కాల్ వచ్చింది, మాట మధ్యలోనే సిగ్నల్ పోయింది. మెరైన్ పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తాం. అక్కడున్న కుర్రాడు అబద్ధమాడలేదు పాపం. "అక్కా, బోటు రిపేర్‌లో ఉంది" అన్నాడు.

ఇంటింటికీ తిరిగి వందా, యాభై వసూలు చేసి, 4,850 రూపాయల డీజిల్ పోయించి మా బోట్లే రెండు పంపాం. మా అత్త తెల్లార్లూ సెల్ టార్చి సముద్రం వైపు పట్టుకుని ఒడ్డునే కూర్చుంది. ఆ వెలుగు అంత దూరం కనపడదని ఆవిడకీ తెలుసు. మర్నాడు పదింటికి తాడు కట్టి లాక్కొచ్చారు. అయిదుగురూ బతికున్నారు, గంగమ్మ దయ.

తర్వాత వెళ్లి ఆ గస్తీ బోటు చూశాను. అడుగంతా గుల్లలు, తాడుకి నాచు. పైన కప్పిన టార్పాలిన్ మీద ఎవరో నెత్తళ్లు ఎండబెట్టుకున్నారు. పోనీలెండి, అలాగైనా పనికొస్తోంది. మాకు వేట నిషేధం 61 రోజులే, దానికి ఏడాది పొడవునా.

2008లో ముంబయికి పదిమంది ఉగ్రవాదులు చేపల బోటెక్కి వచ్చాక మాకు బయోమెట్రిక్ కార్డులన్నారు, బోట్లకు రంగులన్నారు, కొత్త మనిషి కనపడితే చెప్పమన్నారు. అన్నీ చేశాం. సాగర్ కవచ్ అని తీర భద్రత డ్రిల్ పెట్టిన నాడు గస్తీకి మా బోట్లే అడిగి తీసుకెళ్లారు, ఇచ్చాం. సముద్రంలో ఆపదొస్తే పిలవమన్న 1093, 1554 నంబర్లు మా పిల్లలకి కూడా నోటికొచ్చు. ఫోన్ ఎత్తినాయన రావడానికి బోటు ఉండొద్దా?

వెయ్యి కిలోమీటర్లకు పైగా తీరం అని సభల్లో గొప్పగా చెబుతారు కదండీ, మా దగ్గరి ఆ ఒక్క బోటు నడిపించండి. డీజిల్ ఇవ్వండి. దగ్గర్లో ఒక మెకానిక్‌ని పెట్టండి. ఇక బాగుపడదంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వండి, మా ఏర్పాట్లు మేం చూసుకుంటాం. నిషేధం ముగిసి జూన్ 14 దాటగానే మావాళ్లు మళ్లీ సముద్రంలోకి వెళ్తారు. అప్పటికైనా, దయచేసి.

ఏదీ కుదరకపోతే ఆ 4,850 అయినా ఇప్పించండి. సగం మంది అప్పు తెచ్చి ఇచ్చారు.

ఇట్లు,
ఒక మత్స్యకార ఇంటి కోడలు