కాలనీ సంక్షేమ సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది చేసిన పనుల్లో ముందు చెప్పుకోవాల్సింది మూడో వీధి వరద కాలువ. పని మంజూరైందని తెలియగానే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టి ఎస్టిమేట్ నకలు అడిగాం. ముప్పై రోజుల్లోపే వచ్చింది. రిటైర్డ్ ఇంజినీరైన మన ఉపాధ్యక్షులు గారు చదివి చెప్పేదాకా, కాలువ నాలా వరకు పోకుండా పార్కు మూలనే ఆగిపోతుందని ఎవరికీ తెలియదు. అంటే నీళ్లన్నీ కింది వీధి ఇళ్లలోకే! సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, రసీదు నంబరు పట్టుకుని వెంటపడితే చివరికి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు వచ్చారు. కింది వీధి మహిళలు గోడల మీద వరద మరకలు చూపించి, నీరు ఏ మలుపులో ఎటు తిరుగుతుందో ఆయన్ను వెంటబెట్టుకుని నడిచి మరీ చూపించారు. ఎస్టిమేట్ మారింది, కాలువ నాలాలో కలిసింది.

ఆ మహిళలకు, ఉపాధ్యక్షుల వారికి, ఆ రోజు అందరికీ టీ ఇచ్చిన కిరాణా షాపు వారికి, పార్కులో మొక్కలకు నీళ్లు పోస్తున్న పెద్దలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

వార్డు కమిటీల సంగతి మాత్రం బాధాకరం. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం వార్డుకు నాలుగు ఉండాలి: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కోదాంట్లో 15 మంది. మన వార్డులో అవి కాగితం దాటి రాలేదు. జనవరిలో మున్సిపల్ పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి వచ్చాక అడిగేవారే లేరు. అధికారులు పెట్టిన ఒకే ఒక్క సమావేశానికి ముందురోజు సాయంత్రం కబురు పంపారు. సరే, వాళ్లను అనే ముందు మన సంగతి చూద్దాం. డ్రైనేజీ పొంగితే అర్ధరాత్రి గ్రూపులో ఫొటోలు పెట్టేవారిలో ఆ సమావేశానికి వచ్చింది నలుగురే.

జమాఖర్చుల పట్టిక ఆఫీసు నోటీసు బోర్డులో ఉంది, ఆడిట్ అయింది. చందా బకాయిలున్నవారు దయచేసి కట్టగలరు.

కొత్త పాలకవర్గం వచ్చేనాటికి నాలుగు కమిటీలకూ మన పేర్లు సిద్ధంగా ఉండాలి. యువత జాబితాలో ఇంతవరకు ఒక్క పేరూ లేదు. ఆసక్తి ఉన్నవారు ఈ సభ ముగిసేలోగా కోశాధికారి గారి దగ్గర రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి