ఆ పిట్టని కూతపెట్టి పిలవమని రాయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్‌లో అరుణాచల్ టూర్ గురించి వచ్చిన వ్యాసం చదివాను, బాగానే రాశారు గానీ ఒక్క మాట దగ్గర మనసు చివుక్కుమంది. ఈగల్‌నెస్ట్ అడవిలో బుగున్ లియోసిక్లా అనే పిట్ట ఉంది, అది పొదల్లోంచి బయటికి రాదు కాబట్టి దాని కూత ఫోన్‌లో దించుకెళ్లి స్పీకర్‌లో పెడితే అదే వచ్చేస్తుంది అని సలహా ఇచ్చారు. దయచేసి ఆ సలహా పాటించొద్దని ఒక నాలుగు లైన్లు వేయండి.

చిన్నప్పుడు మనందరం చేసిన పనే ఇది. మామిడి తోటలో కోకిల కూస్తే మనం కూడా కూ అనేవాళ్లం, అది ఇంకా గట్టిగా కూసేది, మనతో ఆడుకుంటోందని సంబరపడేవాళ్లం, కానీ అది తన చోటులోకి ఇంకో మగపిట్ట జొరబడిందనుకుని పాపం గొంతు చించుకునేది. కౌజు పిట్టల్ని పట్టేవాళ్లూ అంతే, పెంచిన పిట్టని పంజరంలో పెట్టి కూయిస్తారు, అడవిలో పిట్ట కొట్లాటకి వచ్చి దొరికిపోతుంది. కోకిలలు ఊరూరా ఉన్నాయి, ఈ పిట్ట సంగతి అలా కాదు కదా, 2006లో ఇది కొత్త జాతి అని ప్రకటించినప్పుడు లెక్కకి తేలినవి 14 మాత్రమే.

దీన్ని లోకానికి చెప్పిన రమణ ఆత్రేయ గారు అసలు ఖగోళ శాస్త్రవేత్త. 1995లో ఒకసారి కంటపడింది, మళ్లీ కనపడటానికి 2005 దాకా పట్టింది. మామూలుగా కొత్త జాతి అని నిరూపించాలంటే ఒక పిట్టని చంపి మ్యూజియంలో దాస్తారు, ఆయన మాత్రం ఉన్నవే కాసిని, ఒక్కటి కూడా చంపకూడదని వలలో పట్టి కొలతలు, ఫొటోలు తీసుకుని, ఊడిన ఈకలు ఉంచుకుని పిట్టని వదిలేశారు. ఆ పరిశోధన అచ్చయింది మన హైదరాబాద్ నుంచి వచ్చే 'ఇండియన్ బర్డ్స్' పత్రికలో, ఈ ముక్క మన తెలుగువాళ్లకి ఎంతమందికి తెలుసో! పిట్టకి పెట్టిన పేరు అక్కడి బుగున్ తెగవాళ్లది, సింగ్‌చుంగ్ ఊరివాళ్లు 2017లో తమ సొంత అడవిలో 17 చదరపు కిలోమీటర్లు దానికోసం రిజర్వ్‌గా వదిలేశారు. వాళ్లంత చేశాక మనం వెళ్లి స్పీకర్ పెడతామా?

రెండేళ్ల కింద నేను వెళ్లాను. అక్కడ లామా క్యాంప్ అనే చోట, రెండు వేల మీటర్ల పైన, మంచు పొగలో రెండు పొద్దులు కూర్చుంటే మూడో రోజు ఒక పొద కదిలింది. కోడిపిల్లంత కూడా లేదు, ఒళ్లంతా ఆలివ్ బూడిద రంగు, నెత్తిన నల్ల టోపీ, కంటి ముందు పసుపు పూసినట్టు, రెక్కలో ఎరుపూ పసుపూ గీతలు, అంతే, పది సెకన్లు ఉందో లేదో మళ్లీ లోపలికి పోయింది. ఆ మధ్యాహ్నమే ఒక గుంపు వచ్చి అదే వాలు దగ్గర బ్లూటూత్ స్పీకర్ బండరాయి మీద పెట్టారు. పిట్ట వచ్చింది. కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి దూకుతూ, తోక ఆడిస్తూ, కూస్తూనే ఉంది, వీళ్లు ఇంకో ఫొటో ఇంకో ఫొటో అని ఇరవై నిమిషాలు ఆపలేదు, నోట్లో పురుగు పెట్టుకుని వచ్చిన పిట్ట ఆ పురుగుని ఎక్కడో జారవిడిచింది. దగ్గర్లో గూడు ఉందేమో, పిల్లలు ఎదురు చూస్తున్నాయేమో అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆపండి అని ఒక్కసారి అన్నాను, గట్టిగా అననందుకు ఇప్పటికీ బాధే.

వెళ్లొద్దని నేననను. వెళ్లండి, వెళ్లినవాళ్ల వల్లే ఆ ఊరి కుర్రాళ్లకి పని దొరుకుతోంది. కాకపోతే వ్యాసంలో స్పీకర్ మాట తీసేసి, సింగ్‌చుంగ్ గైడ్‌ని వెంట తీసుకెళ్లమని రాయండి, మాకు గాలికి ఊగిన ఆకు, పిట్ట కదిపిన ఆకు ఒకటే, వాళ్లు చూడకుండానే చెప్పేస్తారు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
హనుమకొండ