డూకీ మొదటిది కాదండీ, మూడోది

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో గ్రీన్ డే అనే అమెరికా రాక్ బ్యాండు మీద వచ్చిన ఒక పేజీ వ్యాసం ఈ-పేపర్లో చదివాను. తెలుగు పేపర్లో గ్రీన్ డే గురించి రావడమే గొప్ప, అందుకు ముందుగా థాంక్స్. కానీ మొదటి పేరాలోనే "1994లో తొలి ఆల్బమ్ డూకీతో రాత్రికి రాత్రే స్టార్లయిపోయారు" అని చూసేసరికి చేతిలో కాఫీ చల్లారిపోయింది. డూకీ వాళ్ల మూడో ఆల్బమ్ అండీ. మొదటిది 39/స్మూత్, 1990 ఏప్రిల్‌లో వచ్చింది. రెండోది కెర్‌ప్లంక్, 1991 ఆఖర్లో. ఈ రెండింటికీ, వాటి కోసం వాళ్లు వ్యానేసుకుని తిరిగిన తిరుగుడుకీ మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. రాత్రికి రాత్రి అన్నారు కదా, ఆ రాత్రి నాలుగేళ్లు నడిచింది.

నాకెందుకింత పట్టింపు అంటారా? నేను పుట్టి పెరిగింది విశాఖపట్నం మల్కాపురంలో, అంటే రిఫైనరీ గోడ పక్కన. ఇప్పుడు ఉంటున్నది కాలిఫోర్నియాలో హెర్క్యులస్ అనే చిన్న ఊరు, దాన్ని ఆనుకుని ఒకవైపు రోడియో, ఇంకోవైపు పినోల్. రోడియోలోనూ రిఫైనరీయే. ఈమధ్య ముడి చమురు మానేసి వాడేసిన వంటనూనె, సోయా నూనె లాంటివాటితో డీజిల్ చేస్తున్నారు గానీ, నేను వచ్చిన కొత్తలో కారు అద్దం దించితే అచ్చం మా వీధి వాసనే. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు మా ఆవిడ ముక్కు మూసుకుంటే నేను గట్టిగా పీల్చుకున్నాను. గ్రీన్ డేలో పాడే బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ పెరిగింది ఆ రోడియోలోనే, చదువు మధ్యలో వదిలేసింది పినోల్ వ్యాలీ హైస్కూల్లో. మా అమ్మాయిని బాస్కెట్‌బాల్‌కి దింపడానికి వెళ్లేది ఆ చుట్టుపక్కలకే. అందుకని వీళ్లు నాకు ఎక్కడో అమెరికాలో ఉన్న స్టార్లలా అనిపించరు, పక్కవీధి కుర్రాళ్లలా అనిపిస్తారు.

బిల్లీ జో తండ్రి లారీ డ్రైవరు, జాజ్ వాయించేవాడు కూడా. పిల్లాడికి పదేళ్లప్పుడు, 1982లో, క్యాన్సర్‌తో పోయాడు. తల్లి హోటల్లో వెయిట్రెస్. ఆమె కొనిపెట్టిన సెకండ్ హ్యాండ్ నీలం గిటారు మీదే అతని కథంతా నడిచింది, దానికి బ్లూ అని పేరే పెట్టుకున్నాడు. బేస్ గిటారు వాయించే మైక్ డర్న్ట్ చిన్నప్పటి స్నేహితుడు, ఇంట్లో పరిస్థితులు బాగోక కొన్నాళ్లు వీళ్లింట్లోనే గది అద్దెకు తీసుకుని ఉన్నాడు. 1987లో బ్యాండు మొదలైనప్పుడు పేరు స్వీట్ చిల్డ్రన్. మొదటి ప్రోగ్రాం ఎక్కడనుకున్నారు? వల్లేహోలో ఆ తల్లి పనిచేసే రాడ్స్ హికరీ పిట్ అనే రెస్టారెంట్లో. అమ్మ ప్లేట్లు మోస్తుంటే కొడుకు గిటారు కొట్టడం, తలుచుకుంటేనే ఏదోలా ఉంటుంది.

ఇక పేరు సంగతి. గ్రీన్ డే అంటే పర్యావరణం మీద ప్రేమతో పెట్టుకున్న పేరని మీ వ్యాసకర్త రాశారు. కాదండీ. రోజంతా గంజాయి కొట్టి కూర్చోడాన్ని ఆ కుర్రాళ్లు వాళ్ల భాషలో గ్రీన్ డే అనేవారు, మొదటి ఆల్బమ్‌లో ఆ పేరుతో పాట కూడా ఉంది. దీనికీ మొక్కలు నాటే కార్యక్రమానికీ ఏ సంబంధమూ లేదు. ఈ పేరా మీరు కత్తిరించినా నేనేమీ అనుకోను.

అసలు విషయానికి వస్తాను. ఇక్కడ 21 ఏళ్లు నిండనిదే బార్‌లోకి రానివ్వరు. రాక్ బ్యాండులు వాయించేదేమో ఎక్కువగా బార్లలో. మరి పదిహేడేళ్ల కుర్రాళ్లు ఎక్కడ వాయించాలి, ఎవరి ముందు వాయించాలి? దానికి బర్క్‌లీలో జవాబుంది, 924 గిల్మన్ స్ట్రీట్. 1986 డిసెంబర్ 31 రాత్రి మొదలైన చోటు అది. చూస్తే గొడౌన్‌లా ఉంటుంది, అదే కట్టడంలో కుర్చీలకు పేము అల్లే దుకాణం ఏళ్ల తరబడి ఉండేది. మందు అమ్మరు, ఏ వయసువాళ్లయినా రావచ్చు, నడిపేదంతా జీతం లేని వాలంటీర్లు. తలుపు దగ్గరే రూల్స్ రాసి ఉంటాయి, మందు వద్దు, మత్తు వద్దు, కొట్లాట వద్దు, జాతి పేరుతోగానీ ఆడామగా పేరుతోగానీ ఎవర్నీ చిన్నచూపు చూడొద్దు అని. గంజాయి పేరు పెట్టుకున్న బ్యాండు మత్తు నిషేధించిన చోట ఎదగడం ఒక తమాషా. పోయినేడు మా అమ్మాయిని తీసుకెళ్లాను. గోడలనిండా రాతలు, స్టిక్కర్లు, సోఫా చూస్తే కూర్చోడానికి భయం వేసింది. తలుపు దగ్గర టికెట్టు చింపుతున్న అమ్మాయికి పదహారేళ్లుంటాయేమో, నన్ను చూసి "పేరెంటా?" అంది. అవును అన్నాను. వెనకాల నిల్చోమని చోటు చూపించింది. రెండు గంటలు అక్కడే నిలబడ్డాను.

వీళ్లకి రికార్డు వేసే అవకాశం కూడా పెద్ద సభలో రాలేదు. లుకౌట్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ నడిపే లారీ లివర్‌మోర్ వీళ్లని చూసింది మెండొసీనో కొండల్లో ఒక ఇంట్లో జరిగిన పార్టీలో, నిండా పదిమంది కూడా లేరు, సరైన కరెంటు కూడా లేక కొవ్వొత్తులు పెట్టుకున్నారట. ఆ గుప్పెడు మంది ముందే స్టేడియం నిండినట్టు వాయించారని ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. ముందు వెయ్యి గంటలు అనే అర్థం వచ్చే పేరుతో ఈపీ, అంటే నాలుగైదు పాటల చిన్న రికార్డు, తర్వాత ఆల్బమ్.

ఆ ఆల్బమ్ రికార్డింగు 1989 డిసెంబర్ ఆఖరు, 1990 జనవరి మొదలు, అంటే ఊరంతా న్యూ ఇయర్ హడావిడిలో ఉన్న నాలుగైదు రోజుల్లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆర్ట్ ఆఫ్ ఇయర్స్ అనే స్టూడియోలో, ఆండీ ఎర్న్‌స్ట్ అనే ఇంజనీరుతో జరిగింది. మొత్తం ఖర్చు 675 డాలర్లు. అప్పటి మారకం లెక్కన పన్నెండు వేల రూపాయల లోపే. బిల్లీ జో, మైక్ ఇద్దరికీ పదిహేడేళ్లు. డ్రమ్స్ మీద జాన్ కిఫ్‌మయర్, వీళ్లకంటే కాస్త పెద్దవాడు, అంతకుముందు వేరే బ్యాండులో తిరిగినవాడు, ఎవరికి ఫోన్ చేస్తే ఏ ఊళ్లో ప్రోగ్రాం దొరుకుతుందో తెలిసినవాడు.

ఆల్బమ్ ఎలా ఉంటుంది? నిజం చెప్పాలంటే మహా గొప్పగా ఏమీ ఉండదు. పది పాటలు, అరగంట పైన ఒకట్రెండు నిమిషాలు. గిటారు మోత పల్చగా ఉంటుంది, డ్రమ్స్ పెట్టెలో పెట్టి కొట్టినట్టుంటాయి, సగం పాటలు అన్నదమ్ముల్లా ఒకే మొహం. ఎక్కువగా అమ్మాయిల గురించే. మొదటి పాటలో కుర్రాడు లైబ్రరీలో ఒక అమ్మాయిని చూస్తాడు, పలకరిద్దామనుకుంటాడు, ధైర్యం చాలదు, ఆ అమ్మాయి బాయ్‌ఫ్రెండుతో కలిసి వెళ్లిపోతుంది. అంతే కథ! ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కాంపిటీటివ్ పరీక్షలకు చదివిన రోజుల్లో మాలో సగం మందికి జరిగిన కథ. కానీ గోయింగ్ టు పసలాక్వా అనే పాట వినండి. గిటారు పంక్ (మోతగా, వేగంగా వాయించే రాక్) వేగంతో పరిగెడుతూనే ఉంటుంది, దాని మీద గొంతు మాత్రం చక్కగా కూనిరాగం తీసుకోదగ్గ వరసలో సాగుతుంది, రెండో గొంతు వచ్చి పక్కన చేరుతుంది. పాప్ పంక్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను నిర్వచనం చెప్పను, ఆ పాట పెడతాను. డూకీలో ఉన్నదంతా విత్తనంగా అందులో ఉంది, పదును ఒక్కటే తక్కువ.

ఆ పదును స్టూడియోలో రాలేదు, రోడ్డు మీద వచ్చింది. బిల్లీ జో స్కూలు మానేసింది 1990 ఫిబ్రవరిలో, పద్దెనిమిదో పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు. మైక్ మాత్రం చదువు పూర్తిచేశాడు, అతనికి పట్టా చేతికొచ్చిన రోజే వ్యాను కదిలింది. దేశమంతా మొదటి టూరు. హోటల్ గదుల్లేవు, మేనేజర్లు లేరు. ఎవరో ఒకరి ఇంటి బేస్‌మెంటులోనో చిన్న హాల్లోనో వాయించడం, గేటు దగ్గర వసూలైన డబ్బులో వాటా, నాలుగు టీషర్టులు, నాలుగు రికార్డులు అమ్ముకుంటే మర్నాటికి పెట్రోలు, రాత్రికి వినడానికి వచ్చినవాళ్ల ఇంట్లోనే నేలమీద పడక. పంక్ బ్యాండులన్నీ అప్పట్లో అలాగే తిరిగేవి. దారిలో మినియాపొలిస్‌లో ఆగి ఇంకో చిన్న ఈపీ కూడా రికార్డు చేసుకున్నారు, దానికి వాళ్ల పాత పేరు స్వీట్ చిల్డ్రన్ పెట్టారు. బిల్లీ జోకి తర్వాత భార్య అయిన ఆవిడ పరిచయం అయింది కూడా ఆ ఊళ్లోనే, ఆ టూర్లోనే.

ఇది చదువుతుంటే నాకు మా మావయ్య గుర్తొచ్చాడు. ఆర్కెస్ట్రాలో కాంగో, అంటే చేత్తో కొట్టే డ్రమ్ము, వాయించేవాడు. అనకాపల్లి నూకాలమ్మ జాతర, చోడవరం, నర్సీపట్నం, చవితి పందిళ్లు, ఎక్కడికైనా ఒకే మెటడోర్ వ్యాను. వెనక సీట్లు పీకేసి సౌండు బాక్సులు, వాటి మీద దుప్పట్లో చుట్టిన కీబోర్డు, ఆ కీబోర్డు జారకుండా పట్టుకునే డ్యూటీ నాది, ఎనిమిదో తరగతి సెలవుల్లో. బయానా ఇచ్చినవాళ్లు మిగతా డబ్బు దగ్గర మొహం చాటేసేవారు, తెల్లవారుజామున పులిహోర పొట్లాలు చేతిలో పెట్టి రేపు పంపుతాం అనేవారు. ఒకసారి యాభై మంది కూడా లేని ప్రోగ్రాంకి మూడు గంటలు వెళ్లాం. ఎందుకు మావయ్యా ఇంత దూరం అంటే "ఇంట్లో ఉంటే మీ అత్త బియ్యం తెమ్మంటాదిరా" అన్నాడు. కానీ ఆ యాభై మంది ముందే ఆయన చేయి ఎంత బాగా తిరిగిందో నేను కళ్లారా చూశాను. రాగం తప్పిన గాయకుణ్ణి ఎలా కాచుకోవాలో, కరెంటు పోతే జనం లేవకుండా ఒక్క కాంగోతో ఎలా కూర్చోబెట్టాలో ఆయనకి ఏ గురువూ నేర్పలేదు. గ్రీన్ డే వాళ్ల మొదటి ఆల్బమ్ విని, వెంటనే డూకీ వినండి, నేనేమంటున్నానో మీకే తెలుస్తుంది.

ఆ టూరు అయ్యాక కిఫ్‌మయర్ కాలేజీలో చేరడానికి ఉత్తరాన 250 మైళ్లకు పైగా దూరంలో ఉన్న ఆర్కేటాకి వెళ్లిపోయాడు. అతని స్థానంలోకి వచ్చినవాడే ట్రే కూల్, అదే లివర్‌మోర్ సొంత బ్యాండులో పన్నెండేళ్ల వయసు నుంచి డ్రమ్స్ కొడుతున్న కుర్రాడు. ట్రే కూల్ వాళ్ల నాన్నకి లారీల వ్యాపారం. ఆయన ఒక పాత సంచార గ్రంథాలయం బస్సు తెచ్చి, బాగుచేసి, తనే డ్రైవరుగా వీళ్లని ఊరూరా తిప్పాడు. మన కాలువల్లో పడవ మీద గ్రంథాలయం నడిపినవాళ్ల గురించి చిన్నప్పుడు చదువుకున్నాం, గ్రంథాలయం మీద బ్యాండు నడిపిన తండ్రి గురించి మాత్రం ఇప్పుడే వింటున్నాను. మొదటి పాట లైబ్రరీలో మొదలైంది కదా, టూర్లూ లైబ్రరీ బస్సులోనే అయ్యాయి. ఆ తండ్రి మీద రాస్తే మీ అనుబంధంలో ఇంకో పేజీ వస్తుంది, ఆలోచించండి. 1991 ఆఖర్లో యూరప్ కూడా తిరిగారు.

అప్పుడు వచ్చింది డూకీ. పెద్ద కంపెనీ రిప్రైజ్, అమెరికాలోనే కోటి కాపీలు దాటిన అమ్మకాలు, అదంతా మీ వ్యాసంలో బాగానే ఉంది. పెద్ద కంపెనీతో సంతకం పెట్టినందుకు గిల్మన్ వాళ్లు తలుపు మూసేశారన్నది మాత్రం మీరు రాయలేదు. పెద్ద కంపెనీ బ్యాండులు అక్కడ వాయించకూడదన్నది అప్పట్లో వాళ్ల రూలు, పెంచిన పిల్లలకీ మినహాయింపు లేదు. నాకైతే అది మరీ మొండితనం అనిపిస్తుంది, మా అమ్మాయి మాత్రం రూలంటే రూలే నాన్నా అంటుంది. 2015 మే నెలలో, ఒక చిన్న ప్రచురణ సంస్థ, ఒక ప్రింటింగ్ ప్రెస్సు అగ్నిప్రమాదంలో నష్టపోతే, వాళ్లకోసం విరాళాల ప్రోగ్రాంకి ఇరవై ఏళ్ల తర్వాత గ్రీన్ డే మళ్లీ ఆ గొడౌన్లో వాయించింది. అంతకు నెలముందే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆ గౌరవంలో కిఫ్‌మయర్ పేరు లేదు గానీ, అదే వారం క్లీవ్‌లాండ్‌లో జరిగిన ప్రోగ్రాంలో అతన్ని పిలిచి స్వీట్ చిల్డ్రన్ పేరుతో పాత పాటలు వాయించారు.

మొదటి ఆల్బమ్ డబ్బుల సంగతి కూడా ఒక ముక్క. లుకౌట్ వాళ్లు రాయల్టీలు సరిగా ఇవ్వలేకపోవడంతో 2005లో గ్రీన్ డే తన పాత రికార్డింగులు వెనక్కి తీసేసుకుంది, 2012లో ఆ కంపెనీ మూతపడింది. పులిహోర పొట్లాలు అక్కడా ఉన్నాయన్నమాట.

నేను అడిగేది చిన్నదే. ఒక సవరణ వెయ్యండి, రెండు లైన్లు చాలు. తొలి ఆల్బమ్ 39/స్మూత్, 1990, లుకౌట్ రికార్డ్స్. డూకీ మూడోది. పేరు అర్థం విషయం మాత్రం పర్యావరణం అనే ఉంచేయండి. మా అత్తగారు గాజువాకలో రోజూ మీ పేపరే చదువుతారు, మనవరాలు వేసుకు తిరిగే టీషర్టు మీద ఆ పేరే ఉంది, మొన్న ఫోన్లో "చెట్ల మీద ఎంత ప్రేమో" అని మురిసిపోయారు.

ఇట్లు
మల్కాపురం కుర్రాడు,
హెర్క్యులస్, కాలిఫోర్నియా