గాల్లో 53 నిమిషాలు, మరి రోడ్డు మీద?

సంపాదకులకు నమస్కారం.

స్టీల్‌ప్లాంట్‌లో ముప్పయ్యేళ్లు షిఫ్టులు చేసి రిటైరయ్యాను. లాగ్‌బుక్ రాసిన అలవాటు ఇంకా పోలేదు. ఏడాదిగా మా ఆవిడ కంటి వైద్యం కోసం విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లివస్తున్నాం. వెళ్లినప్పుడల్లా టైములన్నీ జేబు డైరీలో రాసుకుంటాను.

కిందటిసారి తిరుగు ప్రయాణంలో టికెట్ మీద ఉన్నది గంటా ఇరవై నిమిషాలు. శంషాబాద్‌లో విమానం తలుపు వేసింది 9.40కి. నేల వదిలింది 9.58కి. విశాఖలో దిగింది 10.51కి. ఆగి తలుపు తెరిచేసరికి 11. అంటే గాల్లో ఉన్నది 53 నిమిషాలే. రైలు దారి దాదాపు 700 కిలోమీటర్లయితే, ఆకాశ మార్గం 510కి అటూఇటూ.

ఆపరేషన్ అయిన కంట్లో గంటకోసారి చుక్కలు వెయ్యాలి. గేటు దగ్గర ఒకసారి వేశాను. రెండోసారి గాల్లో. ఆవిడ తల సీటుకి వెనక్కి ఆనించింది, సరిగ్గా అప్పుడే విమానం కుదిపింది, చుక్క చెంప మీద పడింది. చీర చెంగుతో తుడిచి మళ్లీ వేశాను. మూడోసారి సామాను బెల్టు దగ్గర. పావు తక్కువ పన్నెండుకి కూర్మన్నపాలెంలో మా ఇంట్లో ఉన్నాం.

రేపు విమానాలు విజయనగరం జిల్లా భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మారితే ఇదే లెక్క ఎలా ఉంటుంది? ఆకాశంలో పెద్దగా తేడా రాదు. కానీ మా ఇంటి నుంచి అక్కడికి అరవై కిలోమీటర్ల పైమాటే. గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ సిగ్నళ్లు దాటుకుని ఆనందపురం, తగరపువలస మీదుగా వెళ్లాలి. రెండు గంటలు చేతిలో పెట్టుకోకుండా బయల్దేరలేం. బయల్దేరే టైముకి గంట ముందే చెకిన్ కౌంటర్ మూసేస్తారు కాబట్టి ఆ టెన్షన్ ఒకటి.

కొత్త విమానాశ్రయం వద్దని నేననను. ఇప్పుడున్నది నేవీ రన్‌వే, వాళ్ల అవసరాలు వాళ్లవి. ఉత్తరాంధ్రకి సొంత విమానాశ్రయం రావాల్సిందే. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి దగ్గరవుతుంది, అదీ సంతోషమే. కానీ హైదరాబాద్ అనుభవం మర్చిపోకూడదు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కి మారాయి. మెహిదీపట్నం దగ్గర్నుంచి శంషాబాద్ వైపు వెళ్లే పైవంతెన, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, తెరిచింది 2009 అక్టోబరులో. ఆ ఏడాదిన్నర జనం కింద రోడ్డు మీదే తిప్పలు పడ్డారు.

మనకి అలా జరగకూడదు. మొదటి విమానం ఎగిరే రోజుకే ఆర్టీసీ బస్సులు సిద్ధంగా ఉండాలి. కూర్మన్నపాలెం నుంచి గాజువాక, ఎన్‌ఏడీ మీదుగా ఒక రూటు, అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి బైపాస్ మీద ఇంకో రూటు కావాలి. సామాను పెట్టుకునే చోటుండాలి. తెల్లవారుజాము విమానాలకి అందేలా అర్ధరాత్రి దాటాక కూడా నడవాలి. ముసలివాళ్లం, రోగులం ప్రతిసారీ కారు మాట్లాడుకోలేం.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. విమానాల టైమ్‌టేబుల్ వేసేటప్పుడు పక్కనే ఆ బస్సుల టైములూ వెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం