సాగరకన్యల పేరుతో పిల్లలను నమ్మించొద్దు

నగరంలోని ఎగ్జిబిషన్లలో రబ్బరు తోక కట్టుకుని నీళ్లలో ఈదే అమ్మాయిలను ‘నిజమైన సాగరకన్యలు’ అని మైకులో చెప్పి పిల్లలను నమ్మించడం మానాలి. మొన్న ఆదివారం మనవరాలిని అలాంటి చోటికి తీసుకెళ్లాను. ఊపిరి కోసం మాటిమాటికీ పైకొస్తున్న ఆ అమ్మాయి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ‘తాతయ్యా, ఈమెను ఏ సముద్రంలో పట్టుకున్నారు?’ అని అడిగింది పాప. వేషమని చెప్పాను. థాయ్‌లాండ్ రామాయణంలో రావణుడి కూతురైన మత్స్యకన్య సువణ్ణమచ్ఛ వారధి రాళ్లు లాగేయడానికి వచ్చి, చివరికి హనుమంతుణ్ణే ప్రేమించిన కథ కూడా చెప్పాను. ఇల్లు చేరేదాకా దాని ప్రశ్నలు ఆగలేదు. నిజం చెబితే పిల్లలకు సరదా తగ్గదు. 1493లో కొలంబస్ చూశానన్న సాగరకన్యలు మానటీలనే సముద్రపు క్షీరదాలై ఉంటాయంటారు. వాటి బంధువైన డుగాంగ్ మన తీరాల్లోనే అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. తమిళనాడు 2022లో శ్రీలంకకు, తమ తీరానికి మధ్య ఉన్న పాక్ అఖాతంలో దానికి సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించింది. ‘ఇది వేషం మాత్రమే’ అని తెలుగు, ఉర్దూల్లో బోర్డు, పక్కనే డుగాంగ్ బొమ్మ, ఇలాంటి కథలు రెండు ఉంటేనే ఈ ప్రదర్శనలకు అధికారులు అనుమతివ్వాలి.

– ఒక తాతయ్య, కూకట్‌పల్లి, హైదరాబాద్